కారు దించాం సరే, ఈ చిన్న చిన్న రెక్కలు నిజంగా పనిచేస్తాయా?

ఈసారి రాసేది పండగల గురించీ కాదు, పెళ్లి సంబంధాల గురించీ కాదు. కార్ల గురించి.

మన కోయంబత్తూరు కుర్రాళ్లకి కార్ల పిచ్చి కొత్తేమీ కాదు. ఫార్ములా మారుతి రేసు కార్లు తయారుచేసిన కరివర్ధన్ గారి ఊరు ఇది. చెట్టిపాళయంలో ఆయన పేరు మీద రేస్ ట్రాకే ఉంది. కాబట్టి ఎవరైనా స్పోర్ట్స్ కారు కొని, పొట్టి స్ప్రింగులు వేయించి కిందకి దించి, ముందు లిప్, పక్కన స్కర్టులు, వెనక స్పాయిలర్ పెట్టించుకుంటే నేను తప్పు పట్టను. అయితే "ఇవి పెడితే బండి రోడ్డుని పట్టుకుంటుంది" అని పిల్లలు, "అదంతా షోకు, డబ్బు దండగ" అని పెద్దలు అంటున్నారు. నా లెక్కలో ఇద్దరిదీ సగం సగమే నిజం.

చిన్న భాగాలు పనిచేస్తాయి. సాక్ష్యం ఆడి టీటీ. 1998లో వచ్చిన మొదటి టీటీ వెనక భాగం గుండ్రంగా, నున్నగా ఉండేది. జర్మనీ ఆటోబాన్ మీద మితిమీరిన వేగంలో వెనక భాగం తేలికై, కార్లు అదుపు తప్పాయి. ప్రాణాలు పోయాయి. కంపెనీ కార్లని వెనక్కి పిలిచి డిక్కీ మీద చిన్న స్పాయిలర్ బిగించింది. దాంతో సరిపెట్టుకోలేదు, సస్పెన్షన్ కూడా సవరించింది, ఈఎస్‌పీ కూడా పెట్టింది. ఈ రెండో సంగతే మనం మర్చిపోతాం.

ఇక లెక్క చూద్దాం. గాలి బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఒక లిప్ గంటకి 200 కి.మీ. వేగంలో 40 కిలోల ఒత్తిడి ఇస్తుందనుకోండి. 100 దగ్గర అది 10 కిలోలే. 50 దగ్గర రెండున్నర కిలోలు, అంటే ముందు సీట్లో పెట్టిన కూరగాయల సంచీ బరువు. అవినాశి రోడ్డు ట్రాఫిక్‌లో ఆ రెండున్నర కిలోలు ఏం చేస్తాయో మీరే చెప్పండి.

కారు దించడం వల్ల కొంత లాభం ఉన్న మాట నిజమే. కిందకి దూరే గాలి తగ్గి, ముందు భాగం లేచే గుణం కొంత తగ్గుతుంది. లిప్ కూడా నేలకి దగ్గరై గట్టిగా పనిచేస్తుంది. సమస్య కూడా అక్కడే ఉంది. ముందు పట్టు పెంచి వెనక భాగాన్ని అలాగే వదిలేస్తే, వేగంగా మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందుగా జారతాయి. రోడ్డు మీద చాలామందికి ఆ జారుడుని సరిదిద్దడం చేతకాదు. పనిచేయని లిప్ వల్ల పోయేది డబ్బే. సగం పనిచేసే లిప్ అంతకంటే ప్రమాదం.

పక్క స్కర్టుల సంగతీ అంతే. 1978లో లోటస్ 79 ఫార్ములా వన్‌ని గెలిచింది స్కర్టులు నేలని రాసుకుంటూ వెళ్లి, కారు కింద గాలిని బయటి గాలి నుంచి వేరుచేయడం వల్ల. మన స్కర్టుకీ రోడ్డుకీ మధ్య పిల్లి దూరేంత సందు ఉంటుంది. అది ఆ పని చేయలేదు. నేలని తాకేలా పెడదామంటే, ప్రమాణం ప్రకారం వేసిన స్పీడ్ బ్రేకరే 10 సెం.మీ. ఎత్తు. మన వీధుల్లో ప్రమాణం ప్రకారం వేసినవి ఎన్ని?

ఒక తమాషా గమనించాను. కారు దించేటప్పుడు రోడ్డుకి తగులుతోందని, ఇంజన్ కింద ఉండే ప్లాస్టిక్ ట్రేని, ముందు చక్రాల ఎదుట ఉండే చిన్న రబ్బరు ముక్కల్ని పీకి షెడ్డులో పడేస్తారు. గాలిని సాఫీగా పంపడానికి కంపెనీ ఇంజనీర్లు పరీక్షించి పెట్టినవి అవి! వాటిని తీసేసి, ఎవరూ పరీక్షించని లిప్‌ని కొని తగిలించడం, పాలు పారబోసి కుండకి రంగు వేసినట్టుంది.

అందుకే తమ్ముళ్లకి నా సలహా: ముందు పీకిన ట్రేని తిరిగి బిగించండి. లిప్‌కి పెట్టే డబ్బు మంచి టైర్లకి, బ్రేక్ ప్యాడ్లకి, వీల్ అలైన్‌మెంట్‌కి పెట్టండి. అవి 40 కి.మీ. వేగంలోనూ పనిచేస్తాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ని, మీ ఇన్సూరెన్స్ షరతుల్ని ఒకసారి చదవండి. ప్రమాదం జరిగాక చదివితే లాభం లేదు. ఇవన్నీ చూసుకున్నాక కూడా అందం కోసమే లిప్ కావాలంటే పెట్టుకోండి, కానీ అందం కోసమేనని ఒప్పుకోండి. భద్రత అని ఇంట్లో అమ్మకి చెప్పకండి.

పెద్దలకి కూడా ఒక మనవి. తిడితే పిల్లలు రాత్రిపూట బైపాస్ మీదకి పోతారు. ఏడాదికి ఒక్క రోజైనా సంఘం తరఫున ట్రాక్ అద్దెకి తీసుకుని, అనుభవం ఉన్నవాళ్లని పక్కన కూర్చోబెట్టి నడపనిద్దాం. ఏ ముక్క పనిచేస్తుందో, ఏది షోకో వాళ్లే తెలుసుకుంటారు. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ ప్రతిపాదన పెడుతున్నాను. మీ అభిప్రాయం కింద రాయండి.