గోస్తనీతీరమున మఱచిన రణభూమి

విశాఖపట్టణమునకు వచ్చు యాత్రికులలో సముద్రతీరమునకు పోయి 'కురుసుర' యను జలాంతర్గామిని చూడక తిరిగిపోవువారు మిక్కిలి తక్కువ. ఆదివారము సాయంకాలమున అచ్చట టిక్కెట్టుకై నిలుచు జనుల వరుసను చూచినచో, మనవారికి చరిత్రయం దాసక్తి లేదను మాట సత్యము కాదని తెల్లమగును. కాని ఆ వరుసలో నిలిచినవారిని "పద్మనాభము పోయి వచ్చితిరా?" అని యడిగి చూడుడు. పోయి వచ్చినవారు కొండ యెక్కి స్వామిని సేవించితిమని సంతోషముతో చెప్పుదురు. ఆ కొండ చేరువను 1794వ సంవత్సరము జూలై 10వ తేదీన ఏమి జరిగినదో చెప్పగలవారు నూటి కెందఱు? ఈ ప్రశ్నయే నేటి మా వ్యాసమునకు కారణము.

మొదట ఉన్న మేలును ఒప్పుకొందము. కురుసుర 1969 డిసెంబరు 18న సోవియట్ దేశపు రీగా రేవులో మన నౌకాదళమున చేరెను. 31 సంవత్సరములు కొలువు చేసి 2001 ఫిబ్రవరిలో విశ్రాంతి పొందెను. అట్టి నావలను ముక్కలుగా కోసి పాత ఇనుముక్రింద అమ్మివేయుట లోకమున పరిపాటి. ఆ గతి దీనికి పట్టనీయక, తొంబది యొక్క మీటర్ల పొడవుగల ఆ నావను ఇసుకమీదికి లాగి, 2002లో ప్రదర్శనశాలగా తెఱచిరి. లోపలికి పోయినవారు తలవంచుకొని ఒక గదినుండి మఱియొక గదికి గుండ్రని ద్వారములగుండ దూరిపోవలయును. ఒకరి యొడలి కింకొకరి యొడలు తగులు ఆ యిఱుకులో డెబ్బదిమందికి పైగా మనుష్యులు, సూర్యుని చూడక, స్నానమునకు నీరు చాలక, దినములకొలది జీవించిరి. ఈ సంగతి పుస్తకమున చదివినచో ఒక వాక్యము. అచ్చట నిలిచి చూచినచో ఒక అనుభవము. పైగా చూపించువారు నౌకాదళమున పనిచేసి విరమించినవారు. ఇంతటి యుపాధ్యాయులు ఏ పాఠశాలలో దొరకుదురు?

దాని కెదురుగనే 2017 డిసెంబరులో తెఱచిన టీయూ-142 విమానము కలదు. ఇరువదితొమ్మిది సంవత్సరములు సముద్రములను కాచి, ఒక్క ప్రమాదమైనను లేక ముప్పదివేల గంటలు ఎగిరిన విమానమది. చేరువనే 1971 యుద్ధమునకు గుఱుతుగా 1996లో కట్టిన స్మారకము. ఆ సంవత్సరము డిసెంబరు 3వ తేదీ రాత్రి, తెల్లవారక ముందే, 'గాజీ' యను పాకిస్తాను జలాంతర్గామి ఈ రేవుముంగిటనే మునిగెను. రాజ్‌పుత్ యుద్ధనౌక విసరిన మందుగుండువలన మునిగినదని మనవారును, తన మందుగుండే ప్రేలి మునిగినదని వారును చెప్పుదురు. తొంబదిమందికి పైగా నావికులు దానితో సముద్రగర్భమున చేరిరి. చూపరికి ఈ రెండు వాదములును చెప్పవలయుననియే మా యభిప్రాయము. విజయమును సగము చెప్పి దాచినంతమాత్రమున అది పెద్దది కాదు; శత్రుపక్షమున మరణించినవాడును ఒక తల్లి బిడ్డయే యని చెప్పినంతమాత్రమున చిన్నదియు కాదు.

ఇట్టి వస్తువులను కాపాడుట సులభమని యెవ్వరును తలంపవలదు. 1961లో మన నౌకాదళమున చేరి, 1971లో ఇదే బంగాళాఖాతమున విమానములను ఎగురవేసి కీర్తి గడించిన 'విక్రాంత' నౌక 1997లో విశ్రాంతి పొందెను. బొంబాయి రేవులో కొన్ని సంవత్సరములు ప్రదర్శనశాలగ నుండెను. పోషించు దాత లేక, కాపాడు ద్రవ్యము లేక, తుదకు వేలమున పోయి 2014లో ముక్కలైపోయెను. లండనులో థేమ్సునదిపై 'బెల్ఫాస్టు' నౌక నేటికిని నిలిచియున్నది. రష్యావారి 'అరోరా' నౌక నేవానదిపై నిలిచియున్నది. మన విక్రాంతకు మాత్రము చోటు లేకపోయెను. కావున విశాఖవారు కురుసురను నిలుపుకొనుట చిన్న పని కాదు. అందులకు వారిని మనసార అభినందించుచున్నాము.

అభినందనము ముగిసినది; ఇక ఆక్షేపణమునకు వత్తము. యంత్రమును కాపాడుట నేర్చుకొంటిమి గాని, మనుష్యులు పడిన నేలను కాపాడుట ఇంకను నేర్చుకొనలేదు.

విశాఖనుండి ఉత్తరముగ పోవు రాజమార్గమున ఆనందపురము కలదు. పూలకు పేరుపడిన సంత అది. అచ్చటినుండి కొలది దూరమున గోస్తనీనది యొడ్డున పద్మనాభము. కొండమీద అనంత పద్మనాభస్వామి, క్రింద కుంతీమాధవస్వామి. కార్తికమాసపు అమావాస్యనాటి దీపోత్సవమునకు జనము తండోపతండములుగ వత్తురు. ఆ దీపములు వెలుగు నేలమీదనే విజయనగరాధీశుడు చిన విజయరామరాజు కుంపిణీ సేనతో పోరి ప్రాణములు విడిచెను.

ఆ కథ దీర్ఘమైనది, సంగ్రహముగ చెప్పుదము. ఉత్తరసర్కారులు కుంపిణీవారి చేతికి చిక్కిన పిదప పేష్కషు పేర వారడుగు సొమ్ము నానాట పెరిగెను. విజయనగరమువారి బాకీ లక్షలకు లక్షలుగ లెక్కకు వచ్చెను. 1793లో సంస్థానమును కుంపిణీవారు తమ వశము చేసికొని, రాజును బందరునకు పోయి యుండుమని యాజ్ఞాపించిరి. తాతలనాటి గడ్డ విడిచి, పరాయివాడిచ్చు నెలజీతము తినుచు బ్రదుకుమనుటయే ఆ యాజ్ఞకు తాత్పర్యము. రాజు బయలుదేరెను, కాని బందరు చేరలేదు. పద్మనాభమున ఆగి తన వారిని కూడగట్టుకొనెను. కర్నల్ ప్రెండర్‌గాస్ట్ సిపాయిలతో వచ్చి తెల్లవారుజామున పైబడెను. పోరు గంటసేపైనను సాగలేదు. రాజు మడిసెను; ఆయన చుట్టును పలువురు సర్దారులు మడిసిరి. ఆయన కొడుకు నారాయణబాబు ఇంకను పసివాడు. అతనిని తీసికొని నమ్మినబంటులు కొండలకు పోయిరి. పిదప సంధి జరిగి సంస్థానము అతనికి తిరిగి వచ్చెను గాని, రెక్కలు విఱిచిన పక్షివలె వచ్చెను. కొండజమీందారులందఱును దానినుండి విడివడిరి.

ఇంతటి రణభూమికి నేడు ఎల్లలు తెలియవు. రాజు సమాధి కలదు. ఏటేట జూలైలో కొందఱు అభిమానులు పూలమాల వేసి వత్తురు. దీనితో సరి. సేన ఏ దిక్కున నిలిచెను, ఏ దారిన శత్రువు వచ్చెను, నది ఎవరికి అడ్డమయ్యెను అని నేలమీద నిలిచి తెలిసికొనదలచిన బాలునకు ఆధారమెక్కడ? ఒకవైపు ఆనందపురము మొదలు భోగాపురము వఱకు భూముల వెలలు ఆకాశము నంటుచున్నవి. పొలములు ప్లాట్లగుచున్నవి. నేడు ఎల్ల గుఱుతు పెట్టని రణభూమికి రేపు ప్రహరీగోడలే ఎల్లలగును. పడగొట్టిన కట్టడమును బొమ్మచూచి తిరిగి కట్టవచ్చును. ఇండ్లక్రింద పోయిన రణక్షేత్రమును ఎవరు తిరిగి తేగలరు?

ఇదే పద్మనాభ మండలమున, ఇదే గోస్తనీ తీరమున, పాండ్రంగి గ్రామము కలదు. 1897లో అల్లూరి సీతారామరాజు పుట్టిన యూరది. రాజ్యముగల రాజు ఒక్క ఉదయమున ఓడిపోయిన నేలకు కూతవేటు దూరమున, నూఱేండ్లకు పైబడిన పిదప, రాజ్యము లేని యొక బీదయింటి బిడ్డ పుట్టి, 1922 మొదలు 1924 వఱకు అదే తెల్లదొరతనమును మన్యమున గడగడలాడించెను. చరిత్రకారుడు దీనిని కాకతాళీయ మనవచ్చును. కాని ఈ రెండు చోట్లను ఒక్కపూటలో చూచి వచ్చిన యువకుని మనస్సున కలుగు భావము కాకతాళీయము కాదు.

చూడదగినవి ఇంకను కలవు. గోస్తని సముద్రమున కలియుచోట భీమునిపట్టణము; అచ్చట ఒలాందావారి సమాధులు. వర్తకమునకై వచ్చి మన మట్టిలో కలిసిన పరదేశులు వారు. విశాఖతీరమున రెండవ ప్రపంచయుద్ధకాలమున కట్టిన కాపలా బురుజులు కెరటముల తాకిడికి ఒరిగి ఇసుకలో కూరుకుపోవుచున్నవి. వానినీడను గుడ్డలారవేయువారికి, 1942 ఏప్రిల్ 6న జపానువారి విమానములు ఈ రేవుపై బాంబులు వేసిన సంగతి చెప్పువారు లేరు. ఆనాడు ఊరు ఊరంతయు మూటముల్లె కట్టుకొని పల్లెలకు పరుగెత్తిన కథ ముసలివారి నోటనుండి వినుటకు ఇక కాలము మిగిలియుండలేదు.

ఇచ్చట రెండాక్షేపములు వినవచ్చును. మొదటిది: విజయరామరాజు తన జమీనుకై పోరెను గాని దేశముకై పోరెనా? ఆ వంశమువారే 1757లో బుస్సీ ఫిరంగులను వెంటగొని బొబ్బిలికోటను మట్టిపాలు చేయలేదా? చేసిరి. ఆ మాటను పలకపై వ్రాయుడు. బొబ్బిలిని మరుగుపఱచి పద్మనాభమును చెప్పుట చరిత్ర కాదు, భట్రాజు పొగడ్త యగును. ఇరుగుపొరుగువాని నణచుటకు తెచ్చుకొన్న పరాయి ఫిరంగి ముప్పదియేడేండ్లకు తమవైపే తిరిగెనను నీతికన్న, ప్రజలు నేర్వదగిన రాజనీతి వేఱొకటి యున్నదా? తప్పులు చేసినవాడు తుదకు తలవంచక చచ్చెను. ఆ రెండును సత్యములే, రెండును నిలుపదగినవే.

రెండవ యాక్షేపము బరువైనది. యుద్ధసాధనములను అలంకరించి పిల్లలకు చూపుట యుద్ధమునం దాసక్తి పెంచుట కాదా అని శాంతికాముకులు అడుగుదురు. వారి భయము నిరాధారము కాదు. ఫిరంగిముందు నిలిచి ఫొటో తీయించుకొని పోవువానికి అది ఆటవస్తువే. అందులకు మందు దాచుట కాదు, చక్కగ చూపుట. విశాఖనుండి భీమిలికి పోవు దారిలో తొట్లకొండ కలదు. 1976లో మన నౌకాదళమువారు స్థావరమునకై స్థలమును పరిశీలించుచు ఆ కొండపై శిథిలములను కనుగొనిరి. త్రవ్వి చూడగా రెండువేల యేండ్లనాటి బౌద్ధ విహారము బయటపడెను. యుద్ధమునకు తావు వెదకబోయినవారికి శాంతినివాసము దొరకెను! ఉదయమున జలాంతర్గామిని, మధ్యాహ్నమున తొట్లకొండను, సాయంకాలమున పద్మనాభమును చూచిన బాలుడు యుద్ధోన్మాది కానేరడు. రక్షణమునకు ఎంత వెల యియ్యవలసివచ్చునో, శాంతి ఎంత ప్రాచీనమైన సంపదయో అతనికి ఒక్క దినమున బోధపడును.

మేము కోరునది గొప్ప విగ్రహము కాదు. రంగురంగుల దీపముల తోరణము కాదు. సిమెంటుతో చరిత్రను పూడ్చుటకన్న ఊరక విడుచుట మేలు. పద్మనాభ రణభూమిని కొలిపించి ఎల్లరాళ్లు నాటింపుడు. సమాధికొక కావలివానిని, పోరు జరిగిన తీరు తెలుపు పటమును, తెనుగున నాలుగు పలకలను పెట్టుడు. సముద్రతీరమున బయలుదేరి తొట్లకొండ, భీమిలి, పద్మనాభము, పాండ్రంగి చూపి రాత్రికి తిరిగివచ్చు బస్సును సెలవుదినములందైనను ఆర్టీసీవారు నడపవలయును. విశ్వవిద్యాలయమువారు తమ చరిత్రవిద్యార్థులను వేసవిలో అచ్చటికి పంపి, ఊరివారి నోటనున్న కథలను వ్రాయింపవలయును. దీనికంతకు అగు వ్యయము రాజమార్గముపై కట్టు ఒక్క వంతెనలో పదియవవంతైనను కాదు.

అయినను సర్కారువారిపై భారము వేసి మనము చేతులు కడుగుకొనుట న్యాయము కాదు. ఈ పత్రికను పఠనమందిరమున చదువుచున్న మిత్రులారా! రాబోవు సెలవుదినమున మీ పిల్లలను సముద్రతీరమునకు తీసికొనిపోవుడు, వద్దనము. కాని మఱునాడు పద్మనాభమునకును తీసికొనిపోవుడు. స్వామిదర్శనము చేసికొని దిగివచ్చిన పిదప, ఆ నేలమీద ఒక్క నిమిషము నిలిచి జరిగినది చెప్పుడు. వినినవాడు మఱొకనికి చెప్పును. పలకలు వెలిసినను ఆ మాట వెలియదు.

ఆనందపురపు సంతనుండి ప్రతి ప్రభాతమున బండ్లకొలది పూలు దూరపు పట్టణములకు పోవుచున్నవి; పెండ్లిపందిళ్లకు, గుళ్లకు, నాయకుల మెడలకు పోవుచున్నవి. ఏటికొకమాఱు, జూలై 10వ తేదీన, వానిలో ఒక్క బుట్టెడైనను గోస్తనీతీరమునకు పోవలదా?