చిప్పు పోతే పోయింది, ఆట పోకూడదు

మీరిప్పుడు చదువుతున్న ఈ కాలమ్ మీ ఫోన్‌లో ఎంత చోటు తీసుకుంటుందో తెలుసా? అక్షరాలన్నీ లెక్కేసినా 16 కేబీ దాటకపోవచ్చు. 1980లో జపాన్ కంపెనీ నామ్కో తెచ్చిన పాక్‌మ్యాన్ ఆట ప్రోగ్రామ్ కూడా అంతే, 16 కేబీ. బొమ్మలకు ఇంకో 8 కేబీ. ప్రపంచాన్ని నాణేలు పట్టుకుని క్యూలో నిలబెట్టిన ఆట మొత్తం ఒక వాట్సాప్ ఫొటో పక్కన పెడితే ఆవగింజంత!

అయితే ఆ ఆవగింజను దాచిన చోటే ఇప్పుడు చిక్కొచ్చి పడింది.

అప్పటి ఆర్కేడ్ బోర్డుల్లో ప్రోగ్రామ్‌ను ముక్కలు చేసి కొన్ని చిప్పుల్లో పెట్టేవాళ్లు. వాటిలో చాలావరకు ఈప్రామ్‌లు. 1971లో ఇంటెల్‌లో పనిచేస్తున్న డోవ్ ఫ్రోమన్ కనిపెట్టిన రకం ఇది. చిప్పు నడినెత్తిన చిన్న గాజు కిటికీ ఉంటుంది. లోపల చుట్టూ గోడ కట్టిన బుల్లి గదుల్లాంటివి వేలకొద్దీ ఉంటాయి. గదిలో ఎలక్ట్రాన్లను బంధిస్తే సున్నా, ఖాళీగా ఉంటే ఒకటి. కిటికీలోంచి అతినీలలోహిత కాంతి ఒక పావుగంట, ఇరవై నిమిషాలు పడితే ఎలక్ట్రాన్లన్నీ బయటికి పోయి చిప్పు ఖాళీ అవుతుంది. నేరుగా ఎండ తగిలితే వారంలో, ట్యూబ్‌లైట్ వెలుగులో మూడేళ్లలో చెరిగిపోవచ్చని తయారీదారులే చెప్పేవారు. ఆ కిటికీ మీద అతికించిన స్టిక్కర్ అందం కోసం కాదన్నమాట. పాత బోర్డు చేతికొస్తే దాన్ని మాత్రం పీకకండి.

స్టిక్కర్ ఉన్నా కాలం ఊరుకోదు కదా. నలభై ఏళ్లలో ఎలక్ట్రాన్లు మెల్లగా జారుకుంటాయి. ఎక్కడో ఒక సున్నా ఒకటి అయిపోతుంది. అది బొమ్మల చిప్పులో అయితే దెయ్యం ఒంటి మీద పిచ్చి చుక్క కనిపిస్తుంది. ప్రోగ్రామ్ చిప్పులో అయితే ఆట మొదలే కాకపోవచ్చు.

మరి కొత్త చిప్పు పెట్టేస్తే సరిపోదా? పెట్టొచ్చు, కానీ ఆ రకాల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. 2708 అనే చిప్పునే తీసుకోండి. 1970ల చివర్లో బాగా వాడారు. పట్టేది 1 కేబీ. నడవడానికి మాత్రం మూడు రకాల కరెంటు కావాలి: ప్లస్ 5, మైనస్ 5, ప్లస్ 12 వోల్టులు. దాని తర్వాత వచ్చిన 2716కి 2 కేబీ పడుతుంది, ప్లస్ 5 ఒక్కటే చాలు. రెంటికీ 24 కాళ్లే, చూడ్డానికి కవల పిల్లలే. అలా అని 2708 తీసిన చోట 2716ను నేరుగా గుచ్చితే, 19వ కాలికి 12 వోల్టులు, 21వ కాలికి మైనస్ 5 తగిలి కొత్త చిప్పు అక్కడికక్కడే మాడిపోతుంది. అందుకే మధ్యలో చిన్న అడాప్టర్ పెట్టి ఆ కాళ్లను దారి మళ్లించాలి.

అసలు చిప్పు దాకా వెళ్లకముందు సాకెట్ చూడాలి. చిలుము పట్టిన సాకెట్ వల్ల ఆట ఆగిపోతే, పాపం బాగున్న చిప్పు మీదికి నింద వస్తుంది. చిప్పును నేరుగా బోర్డుకే సోల్డర్ చేసి ఉంటే, అది నిజంగా పోయిందని తేలాక కాళ్లు కత్తిరించి ఒక్కో కాలూ విడిగా తీయడం మేలు. చిప్పు ఇంకోటి దొరుకుతుంది, బోర్డు మీద రాగి గీత లేచిపోతే బాధ పెద్దది.

ఇంత చేసినా చేతిలో ఉన్నది ఖాళీ చిప్పే. ర్యామ్ చిప్పు పలకలాంటిది. పగిలితే ఇంకో పలక తెచ్చుకుంటాం, రాత మళ్లీ మొదలవుతుంది. ఈప్రామ్ పుస్తకం. కొత్త కాగితాలు తెస్తే సరిపోదు, అందులో ఏముండేదో ఎవరో ఒకరు ముందే రాసి పెట్టుకుని ఉండాలి.

అదృష్టం కొద్దీ అలా రాసిపెట్టిన వాళ్లున్నారు. 1997లో ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా మొదలుపెట్టిన మేమ్ ప్రాజెక్టు వేల ఆటల చిప్పుల వివరాలను నమోదు చేసింది. మీ చిప్పును రీడర్‌లో పెట్టి చదివి, వచ్చిన చెక్‌సమ్‌ను అక్కడి దాంతో పోల్చితే ఒక్క బిట్ తేడా ఉన్నా బయటపడుతుంది. ఆటల మీద హక్కులు కంపెనీలవే, అందులో వాదన లేదు. కానీ కంపెనీ మూతపడినా, అసలు కాపీ పోగొట్టుకున్నా, ఆటను దాచింది ఎవరు? నా దృష్టిలో ఈ ఔత్సాహికులు చేసింది లైబ్రేరియన్ పని.

భయమంతా ఎవరూ చదవని బోర్డుల గురించే. ఒకటో రెండో మాత్రమే తయారై, అమ్మకానికి రాకుండా ఆగిపోయిన నమూనా ఆటలుంటాయి. అలాంటి బోర్డు ఎవరి అటక మీదో ఉండి, అందులో చిప్పు చెరిగిపోతే ఏ అడాప్టరూ కాపాడలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అందుకే బోర్డు బాగా పనిచేస్తున్నప్పుడే చిప్పులు చదివి, కాపీ రెండు చోట్ల దాచాలి. సోల్డరింగ్ ఐరన్ పట్టుకునేది ఆ తర్వాతే.

ఇదంతా పాత సామాన్ల గొడవ అనుకోకండి. మీ ఫోన్‌లో ఫ్లాష్ మెమరీ ఈ వంశం మొక్కే. మీ ఫొటోలూ, అమ్మ పంపిన వాయిస్ మెసేజ్‌లూ అక్కడ ఉన్నది బంధించిన ఎలక్ట్రాన్ల రూపంలోనే. ఫోన్ పోతే షాపులో ఇంకోటి ఇస్తారు. ఆ గొంతు ఇంకో చోట కూడా ఉందో లేదో ఈ రోజే ఒకసారి చూసుకోండి.