సగం పూస

తిర్గు జియు రొమేనియాలో ఒక పట్టణం. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో, జర్మన్ సేనలు అక్కడి నది వంతెన దాకా వచ్చినప్పుడు ఊళ్లోని ముసలివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు సైతం ఎదురు నిలిచారు. ఆ పోరులో ప్రాణాలు విడిచినవారికి గుర్తుగా ఏదైనా నిలపాలని అక్కడి మహిళా సంఘం శిల్పి కాన్‌స్టాంటిన్ బ్రాంకూషిని కోరింది. ఆయనా ఆ మట్టిలో పుట్టినవాడే. 1938లో ఆయన పూర్తిచేసి ఇచ్చినదాంట్లో తుపాకీ పట్టిన సైనికుడు లేడు. నది పక్కన గుండ్రటి రాతిబల్ల, దాని చుట్టూ పన్నెండు రాతి పీటలు. కొంచెం ఇవతల ఒక రాతి ద్వారం. అక్కడినుంచి కిలోమీటరుకు పైగా నడిస్తే, ఆకాశంలోకి లేచిన స్తంభం.

దాదాపు 29 మీటర్ల ఆ స్తంభం పోత ఇనుప పూసలను నిలువునా గుచ్చినట్టుంటుంది. పదిహేను నిండు పూసలు, అన్నీ ఒకే కొలత. కొసన ఉన్నది మాత్రం సగం పూసే. కింద నిలబడి తలెత్తి చూస్తే, చూపు ఒక్కో పూసే ఎక్కుతూ పోయి ఆ సగం దగ్గర ఆగలేదు. తక్కిన సగాన్ని ఆకాశంలో వెతుక్కుంటుంది. పొద్దున వెలిగిన పూసల పలకలు సాయంత్రానికి నీడలోకి జారుకుంటాయి. మబ్బు పట్టిన రోజున ఇత్తడి పూత మెరుపు తగ్గి స్తంభమే మరోలా కనిపిస్తుంది. గదిలో పెట్టిన బొమ్మకు ఒకే దీపం వెలుగు. ఆరుబయట నిలిచిన శిల్పానికి ఎండా వానా కూడా పనివాళ్లే.

ఇలాంటి శిల్పం ఎదురైతే చాలామంది 'ఇదేమిటి?' అని అడిగి, జవాబు దొరక్క ముందుకు సాగిపోతారు. నిజానికి రూపం లేని రూపం మనకు కొత్త కాదు. మన ఊళ్ల నడుమ ఉండే బొడ్రాయికి ఎన్నోచోట్ల కన్నూ ముక్కూ ఉండవు. వేపచెట్టు కింద పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టిన రాయిని 'ఇది ఎవరి బొమ్మ?' అని ఎవరూ అడగరు. బ్రాంకూషి స్తంభానికీ రొమేనియా పల్లెల్లో వడ్రంగులు చెక్కిన వసారా స్తంభాలే మూలమంటారు.

1950లలో ఆ స్తంభాన్ని అక్కడి పాలకులు కూల్చేయాలని చూశారు. అది కూలలేదు. 2024 జులైలో మన ఢిల్లీలో జరిగిన యునెస్కో సమావేశమే ఆ శిల్ప సముదాయాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మన పార్కులోనో, రోడ్డు మలుపులోనో అర్థంకాని శిల్పం ఒకటి కనబడితే ఒకసారి పొద్దున, మరోసారి సాయంత్రం వెళ్లి చూద్దాం. చుట్టూ తిరిగి చూద్దాం. వెంట పిల్లలుంటే వాళ్లు దానికి పక్షనో, మబ్బనో, తాతయ్య గొడుగనో పేరు పెడతారు. పెట్టనిద్దాం. శిల్పి వదిలిపెట్టిన సగం పూస వాళ్ల కోసమే.