లైసెన్స్ మీ సొత్తు కాదు

"పదివేలు ఫైన్ కట్టాడు, పనులు మానుకుని కోర్టు చుట్టూ తిరిగాడు, ఇంకా లైసెన్స్ కూడా లాక్కోవాలా?" డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికినవాడి తరఫున ఈ మధ్య ఎక్కడ చూసినా ఇదే వకాల్తా. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో తాగి నడుపుతున్నవాడి బైకు రోడ్డు మీద పడింది. దాని మీదికెక్కిన బస్సు అంటుకుని 19 మంది ప్రయాణికులు బూడిదయ్యారు. బైకు నడిపిన యువకుడూ చనిపోయాడు. అతను తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. బస్సు కట్టిన తీరులో ఎన్ని తప్పులున్నాయో అది వేరే లెక్క, అదీ తేలాలి. ఆ తర్వాత హైదరాబాద్ పోలీసు కమిషనర్ సజ్జనార్ తాగి నడిపేవాళ్లను ఉగ్రవాదులన్నారు. అంతే, చదువుకున్నవాళ్లకు రోషం వచ్చింది. ఆ మాట ఎక్కువైందా, తక్కువైందా అని కొలతలు మొదలయ్యాయి. కాలిపోయినవాళ్ల గురించి అందులో సగం శ్రద్ధ కూడా కనపడలేదు. ఆ కొలతల వెనకే వచ్చింది ఈ లైసెన్స్ మీద జాలి.

ఈ జాలి మొత్తం ఒక పొరపాటు మీద నిలబడి ఉంది. లైసెన్స్ అంటే ఇల్లూ పొలం లాంటి ఆస్తి అని, దాన్ని తీసుకుంటే ఒకే తప్పుకు రెండో శిక్ష పడ్డట్టని వీళ్లు అనుకుంటున్నారు. మోటారు వాహనాల చట్టం అలా అనుకోలేదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే 185వ సెక్షన్ కింద మొదటిసారి ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల దాకా జైలు, లేదా పదిహేను వేల జరిమానా, లేదా రెండూ. అది జరిగిపోయిన రాత్రికి కోర్టు వేసే శిక్ష. లైసెన్స్ సంగతి 19వ సెక్షన్‌లో ఉంది. అది రాబోయే రాత్రి గురించి: ఈ మనిషిని నమ్మి మళ్లీ రోడ్డు అప్పజెప్పవచ్చా అని. ఆర్టీసీ డిపోల్లో డ్యూటీ ఎక్కే ముందు డ్రైవరు చేత బ్రీత్ అనలైజర్ ఊదిస్తారు. తాగినట్టు తేలితే ఆ రోజు అతనికి స్టీరింగ్ ఇవ్వరు. అది శిక్ష అని, అన్యాయమని ఏ ప్రయాణికుడూ అనడు, ఇంకా గట్టిగా పట్టుకోమంటాడు. బస్సు డ్రైవరు విషయంలో అంత స్పష్టంగా కనిపించే న్యాయం తన కారు దగ్గరికి వచ్చేసరికి మనిషికి ఎందుకు మసకబారుతుంది?

పోనీ, అడ్డగోలుగా లాక్కుంటున్నారా? రోడ్డు మీద నిలబడ్డ ఎస్సైకి లైసెన్స్ రద్దు చేసే అధికారమే లేదు. 206వ సెక్షన్ ప్రకారం దాన్ని స్వాధీనం చేసుకుని ఆర్టీఏకు పంపడం వరకే అతని పని. ఆర్టీఏ అధికారి నీ వాదన వినడానికి అవకాశం ఇచ్చి, కారణాలు రాసి, అప్పుడు ఉత్తర్వు ఇవ్వాలి. అది నచ్చకపోతే ముప్పై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. మిషన్ తప్పు చూపించిందంటావా, రక్తపరీక్షకు చట్టంలో చోటుంది, అడుగు. రోడ్డు భద్రతపై సుప్రీంకోర్టు వేసిన కమిటీ 2015లోనే, తాగి నడిపితే లైసెన్స్ కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. 2019 సవరణ తర్వాత గడువు తీరినా రిఫ్రెషర్ శిక్షణ పూర్తి చేస్తేనే లైసెన్స్ తిరిగివ్వాలి. ఒక ప్రాణం ముందు మూడు నెలల ఆటో చార్జీలను పెట్టి, ఇదే పెద్దదంటున్నారు వీళ్లు. జరిమానాతో సరిపెట్టమనడంలో ఇంకో దుర్మార్గం ఉంది. ఒక్క రాత్రి పబ్బు బిల్లే పదివేలు దాటే మనిషికి ఆ జరిమానా తాగి నడపడానికి కట్టే రుసుము మాత్రమే. మూడు నెలల కాలాన్ని మాత్రం ఏ డబ్బూ కొనలేదు. డబ్బున్నవాడు డ్రైవర్ని పెట్టుకుంటాడు కదా అంటారు. పెట్టుకోనివ్వండి. అతను స్టీరింగ్ దగ్గర కూర్చోకుండా ఉండటమే కదా కావలసింది.

"క్యాబ్ డ్రైవర్ల పొట్ట కొడతారా?" అన్నది ఈ వాదనలన్నిటిలో గౌరవించదగ్గ ఒకే ఒక్కటి. అయితే దాన్ని గట్టిగా వినిపించేవాళ్లలో క్యాబ్ డ్రైవర్లు తక్కువ, వాళ్ల పేరు చెప్పుకుని తమ కారు తాళాలు కాపాడుకునేవాళ్లు ఎక్కువ. బండే బతుకుతెరువైన ఇంట్లో మూడు నెలలు ఎలా గడుస్తాయో ఊహించడం కష్టం కాదు, ఆ కష్టం నిజం. కానీ రోజంతా రోడ్డు మీదే ఉండేవాడి వల్ల ప్రమాదం జరిగే అవకాశం కూడా రోజంతా ఉంటుంది. అందుకే అమెరికాలో చాలా రాష్ట్రాల్లో మామూలు డ్రైవరుకు హద్దు 80 మిల్లీగ్రాములైతే లారీ, బస్సు నడిపేవాళ్లకు 40. బతుకుతెరువు అన్న మాట అక్కడ హద్దును తగ్గించింది, ఇక్కడ మినహాయింపు అడగడానికి పనికొస్తోంది. డ్రైవరు కుటుంబాన్ని ఆ మూడు నెలలు ఆదుకునే దారి యూనియన్లు, యాప్ కంపెనీలు, కార్మిక శాఖ కలిసి వెతకాలి. ఎంత వెతికినా స్టీరింగ్ తిరిగివ్వడం అందులో ఒక దారి కాకూడదు. తాగినవాడి బండి కింద పడి పోయిన కూరగాయల వ్యాపారికీ, రాత్రి డ్యూటీ ముగించుకుని నడిచివెళ్లే సెక్యూరిటీ గార్డుకూ పొట్టలున్నాయి. వాటి తరఫున వకాల్తా పుచ్చుకున్నవాణ్ని చూపించండి.

ఇక, "అమ్మేది సర్కారే, పట్టుకునేదీ సర్కారేనా?" అనే ప్రశ్న. ఇందులో ఉన్న కోపం న్యాయమైనదే. వైన్ షాపు పక్కనే పర్మిట్ రూమ్ తెరిపించి, దాని ముందు రోడ్డు పొడవునా బైకులు నిలుపుకోనిచ్చి, ఆ బైకుల మీద వచ్చినవాళ్లు ఎలా తిరిగి వెళ్తారని ఏ ఎక్సైజు అధికారీ అడగడు. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పిస్తే, దాన్ని అమలు చేయాల్సిన రాష్ట్రాలు కొన్ని రహదారుల పేరే మార్చేసి తప్పించుకున్నాయి. చిన్న ఊళ్లకు ఆ దూరం 220 మీటర్లకు దిగింది, 2017 జులైకల్లా మున్సిపాలిటీలకు మినహాయింపూ దొరికింది. ప్రజల ప్రాణాల కంటే ఖజానా ముఖ్యమనుకున్న ప్రభుత్వాలను నిలదీయవలసిందే, ఎన్నికల్లోనూ కోర్టుల్లోనూ. ఈ విషయం మీద ఇంకో వ్యాసమే రాయవచ్చు. కానీ సీసా అమ్మినవాడు నీ చేతికి తాళం ఇవ్వలేదు. ప్రభుత్వ పాపం చూపించి నీ పాపం కడుక్కోవడం కుదరదు.

అసలు రోగం చట్టంలో లేదు, పైరవీలో ఉంది. చెక్‌పోస్టు దగ్గర బండి ఆపగానే జేబులోంచి లైసెన్స్ కంటే ముందు ఫోను బయటికొస్తుంది. కార్పొరేటర్, ఎమ్మెల్యే పీఏ, ఎవరి బావమరిదో ఎస్పీ, అర్ధరాత్రి అందరూ మేలుకుంటారు. ఈ రాత్రి తనిఖీలు ఎక్కడెక్కడో వాట్సాప్ గ్రూపుల్లో చేరవేసుకోవడం స్నేహధర్మమైంది. తాగి దొరికినవాడికి వరసకు బాబాయో మేనమామో ముందు చెప్పే మాట "ఏం కాదు, మనవాడున్నాడు". దొరికినవాడు సిగ్గుపడే అవకాశాన్ని కూడా ఇలా కుటుంబమే తీసేస్తోంది. కౌన్సెలింగ్‌కు ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకు రమ్మనడం హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు చేసిన మంచి పనుల్లో ఒకటి. ఆ ఇంట్లోవాళ్లే బ్రోకర్ నంబరు వెతుకుతుంటే కౌన్సెలింగ్ ఎవరికి ఎక్కుతుంది?

అమెరికాలో మనవాళ్లు ఇలా మాట్లాడరు. కాలిఫోర్నియాలో తాగి దొరికితే పోలీసు అక్కడికక్కడే లైసెన్స్ తీసుకుని ముప్పై రోజులు చెల్లే తాత్కాలిక కాగితం చేతిలో పెడతాడు. విచారణ కావాలంటే పది రోజుల్లో అడగాలి. కోర్టు కేసు దాని దారిన అది నడుస్తుంది. నేరం రుజువు కాకముందే, అరెస్టు ఒక్కదానికే వీసా రద్దయ్యే ప్రమాదం కూడా ఉంది. అక్కడ దానికి తలొగ్గిన మనిషే సెలవులకు ఊరొచ్చి ఇక్కడి తనిఖీలు అరాచకమంటే వినడానికి ఒళ్లు మండుతుంది. నలభై ఆరు అమెరికన్ రాష్ట్రాల లెక్కలు తీసి 2007లో వాగెనార్, మాల్డొనాడో-మోలినా అనే పరిశోధకులు తేల్చిందేమిటంటే, దొరికిన వెంటనే లైసెన్స్ ఆపేస్తే తాగి చేసే ప్రాణాంతక ప్రమాదాలు దాదాపు 5 శాతం తగ్గాయి. కోర్టులో నేరం రుజువయ్యాక ఆపితే చెప్పుకోదగ్గ ఫలితమే లేదు. అంటే శిక్ష ఎంత పెద్దదన్న దానికంటే ఎంత త్వరగా పడిందన్నదే మనిషిని మారుస్తోంది. మన దగ్గర చెక్‌పోస్టు నుంచి ఆర్టీఏ ఉత్తర్వుకు మధ్య కాగితాలు తాపీగా నడుస్తాయి, ఆ లోపల బండి కూడా నడుస్తూనే ఉంటుంది. సస్పెన్షన్‌లో ఉండగా నడిపితే 182వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, లేదా పదివేల జరిమానా, లేదా రెండూ ఉన్న సంగతి ఎంతమందికి తెలుసు? దొరికిన వారంలోపే విచారణ ముగియాలి, ఉత్తర్వు ఆ రాత్రే ప్రతి కానిస్టేబుల్ చేతిలోని యంత్రంలో కనిపించాలి. ఎలాగో రవాణా శాఖ, పోలీసు శాఖ కలిసి తేల్చుకోవాలి.

ఈలోగా చదువరులు చేయగలిగింది ఒకటుంది. మీకు తెలిసినవాడెవడైనా తాగి దొరికి, లైసెన్స్ పోతుందని ఫోన్ చేస్తే, ఎవరి నంబరూ ఇవ్వకండి. నోటీసుకు జవాబు రాసుకోమనండి, ఆ మూడు నెలలూ బస్సెక్కమనండి.