చెరువుకట్టపై సైకిలు, కొండనీటిపై పడవ

గృహిణికి సెలవుదినమనునది ఏ పంచాంగమునందును వ్రాయబడలేదు. పండుగనాడు పని రెట్టింపగును. ఆదివారమునాడు ఇంటిల్లిపాదియు ఇంటనుండుటచే పొయ్యి ఆరదు. కావుననే మేము ఈ శీర్షికలో, మాసమునకొక పగలైనను ఇల్లు విడిచి, కాళ్లకును చేతులకును, కన్నులకును మనస్సునకును క్రొత్త పని కల్పింపుడని మన సోదరీమణులను కోరుచుందుము. ఈ నెల మేము చెప్పబోవు విహారమున ఉదయము సైకిలు, మధ్యాహ్నము పడవ, ఆ రెంటి నడుమ యుద్ధముల చరిత్ర కలవు. యుద్ధముతో ఆడువారికేమి పనియని ఎవరైన అడిగినచో, యుద్ధము ముగిసిన పిమ్మట మిగిలినదానితో ఇల్లు గడుపవలసినవారు ఆడువారే గదాయని సమాధానము చెప్పవచ్చును. మిగులునదేమి, దానిని కాపాడువారెవరు అను ప్రశ్నయే ఈ విహారమునకు దారిబత్తెము.

మన ప్రయాణము శేరిగూడలో మొదలగును. ఇది రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నము మండలమున, హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు రహదారిపై నున్న గ్రామము. శేరి యనగా ప్రభువు గాని భూస్వామి గాని ఇతరులకీయక తన సొంత సేద్యమునకు ఉంచుకొనిన భూమి. గూడ యనగా చిన్న పల్లె. ఒకనాటి దొరతనపు గుర్తు ఊరిపేరులోనే నిలిచియున్నది. నేడు ఆ ఊర ఇంజనీరింగు కళాశాల కలదు. పుస్తకములు పట్టుకొని బస్సు దిగు ఆడపిల్లలు ఆ నేలమీద నిత్యము కనబడుదురు. పెద్ద రహదారిపై లారీలు, బస్సులు ఎడతెగక పోవుచుండును గనుక, తెలతెలవారుచుండగనే బయలుదేరి, వీలైనంతవఱకు పల్లెదారులు పట్టుట మేలు. ఇబ్రహీంపట్నము అచ్చటికి కొలదిదూరమే. క్రొత్తగా సైకిలు నేర్చినవారికిని అలసట తోచదు.

ఆ పట్నమునకు తన పేరు నిచ్చినవాడు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా. ఇతని పాలన 1550 మొదలు 1580 వఱకు సాగెను. వేయి యెకరములకు మించిన పెద్దచెరువును అతని కాలమునాటిదే. కట్టవద్ద సైకిళ్లు దిగి నడచుచు, వెంట వచ్చిన పిల్లలకు చెరువు పనితీరు చూపవలెను. కట్ట నీటిని ఆపును. తూము దానిని కొలతగా ఆయకట్టు పొలములకు విడుచును. అలుగు మితిమీరిన నీటిని ప్రక్కగా పంపివేసి కట్ట తెగకుండ కాపాడును. అలుగు లేని చెరువు ఆవిరి పోవు దారిలేని కుండవంటిదని చెప్పినచో ఏ పిల్లకైనను బోధపడును.

ఇక ఆ రాజు కథ వినుడు. 1543లో అతని తండ్రి సుల్తాన్ కులీ హత్యకు గుఱియయ్యెను. అన్నయగు జంషీదు సింహాసన మెక్కెను. ఇబ్రహీము ప్రాణభయముచే విజయనగరమునకు పోయి, అళియ రామరాయల ఆశ్రయమున సుమారు ఏడేండ్లు గడిపెను. తిరిగివచ్చి రాజైన పిమ్మట తెలుగు కవులను ఆదరించెను. వారు అతనిని మల్కిభరాముడని పిలుచుకొనిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును అతనికే అంకిత మిచ్చెను. హైదరాబాదు హుసేనుసాగరమును 1562 ప్రాంతమున అతని పాలనలోనే కట్టబడినది. అట్టివాడు 1565 జనవరిలో దక్కను సుల్తానులతో కూడి, తనకు అన్నముపెట్టిన రామరాయలపైకే యుద్ధమునకు నడచెను. తళ్లికోట యుద్ధమనియు, రక్కసి తంగడి యుద్ధమనియు చరిత్రలో చెప్పబడునది ఇదియే. ఆ రణరంగముననే రామరాయలు చంపబడెను. విజయనగరము నెలల తరబడి దోపిడికి గుఱియయ్యెను.

ఈ కథను పిల్లలకు చెప్పునపుడు జాగ్రత్త వహింపవలెను. రామరాయలును సుల్తానులలో ఒకరిపై నొకరిని ఉసికొల్పి లాభము పొందినవాడే. తప్పంతయు ఒక పక్షమున మోపి, మతద్వేషపు కథగా అల్లి చెప్పుట న్యాయము కాదు. చెప్పవలసినది వేఱు. ఆశ్రయమిచ్చిన యింటిపై కత్తి దూసిన రాజును, ఈ చెరువునకు పేరిచ్చిన రాజును ఒక్కడే. కత్తి చేసిన పని చూడవలెనన్నచో హంపి శిథిలములకు పోవలెను. చెరువు చేసిన పని చూడవలెనన్నచో ఈ కట్టమీద నిలిచి నాలుగు దిక్కులు చూచిన చాలును.

అయినను చెరువు తనంతట తాను నిలువదు. దీనికి నీరు తెచ్చుటకై 1872 ప్రాంతమున ఫిరంగి నాలా యను కాలువ త్రవ్వబడినది. షాబాదు మండలమందలి చందన్‌వెల్లి వద్ద ఈసీనది నీటిని మరలించి, దారిలోని చెరువులను నింపుకొనుచు, తుదకు ఇబ్రహీంపట్నము చేర్చుట దీని ఏర్పాటు. ఫిరంగి యనగా మన తెలుగున గుండ్లు వేయు తోపు. పరదేశి దొరయనియు అర్థము కలదు. ఇచ్చట ఆ పేరు దొరనుబట్టి వచ్చినదే గాని తోపునుబట్టి కాదు. యుద్ధమును తలపించు మాట నీటికాలువకు పేరై నిలుచుట మాకెంతో ముచ్చట గొలిపినది. కాని కాలక్రమమున కాలువ పూడినది. దాని దారిలో కట్టడములు లేచినవి. పెద్దచెరువు దశాబ్దములపాటు నిండుకుండయన్న మాట ఎఱుగదు. 2022 వానలకు మరల నిండి అలుగు పారినప్పుడు, చూచుటకు జనులు కట్టపై మూగిరి. చెరువు నిండినచో చుట్టుపట్ల బావులలో నీరూరును. చెరువు ఎండినచో బిందె చంకనిడుకొని దూరము నడచునది ఏ సుల్తానును కాదు, ఏ దొరయు కాదు; ఆ ఊరి ఆడుదియే. శత్రుసైన్యము లేకయే, మన అశ్రద్ధచేతనే ఒక చెరువు నాశనము కాగలదని ఈ కట్ట చెప్పుచున్నది.

కట్టక్రింద చెట్టునీడను ఫలాహారము చేయునపుడు, ప్రక్కన నిలిపిన సైకిలును చూడుడు. దానికిని యుద్ధకథ కలదు. 1941 డిసెంబరు 8వ తేదీన జపాను సేనలు మలయాలోని కోటబహారు తీరమున దిగినవి. అచ్చటి విమానాశ్రయమును కాచుచున్న దళములలో మన హైదరాబాదు సంస్థానపు 1వ హైదరాబాదు పదాతిదళము ఉండెను. నిజాము రాజ్యమునుండి ఓడలెక్కి పోయిన సిపాయిలు ఆ మొదటి రాత్రియే ఆ ప్రళయమును చూచిరి. తరువాత జపాను సిపాయిలు వేలకొలది సైకిళ్లపై రబ్బరుతోటల నడిమి దారుల వెంబడి దక్షిణమునకు దూసికొని పోయిరి. టైర్లు పగిలినచో ఉత్త ఇనుపచక్రములతోనే తొక్కిరట. ఆ గరగర శబ్దమును విని, యుద్ధశకటములు వచ్చుచున్నవని ఎదుటివారు భ్రమించిన సందర్భములును కలవు. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయెను. ఆ తోటలలో పనిచేయుచుండిన తమిళులతోపాటు తెలుగు కూలీలును వేలకొలది సయాం, బర్మా రైలుమార్గపు పనికి తరలింపబడి, తిండిలేక, జ్వరములపాలై మడిసిరి. తోటలలోని కూలియిండ్లలో మిగిలిన స్త్రీలు బిడ్డల నెట్లు సాకిరో వ్రాసిన చరిత్రలు తక్కువ.

అదే సైకిలు మఱియొక కాలమున, మఱియొక చోట ఏమి చేసినదో చూడుడు. 1990వ దశకపు తొలి యేండ్లలో తమిళనాట పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమముతోపాటు పల్లెటూరి స్త్రీలకు సైకిలు తొక్కుట నేర్పిరి. వేలకొలది స్త్రీలు, కూలిచేయువారును, క్వారీలలో రాళ్లు కొట్టువారును సైకిలెక్కిరి. నీళ్లు తెచ్చుకొనుటకు, సంతకు పోవుటకు, బిడ్డను ఆసుపత్రికి కొనిపోవుటకు మగవాని రాకకై ఎదురుచూడ నక్కరలేకపోయెను. మొదట నవ్వినవారే తరువాత తమ యిండ్ల ఆడువారికి సైకిళ్లు చేతికిచ్చిరి. రెండు చక్రములలో భేదము లేదు. ఎక్కినవారి పనిలోనే భేదము.

ఎండ ముదరకముందే సైకిళ్లను మోటారు వాహనముపై కట్టుకొని, బొంగులూరు వద్ద వలయ రహదారి నెక్కి పడమరకు పోవలెను. చేవెళ్ల, వికారాబాదు మీదుగా కోట్‌పల్లి జలాశయమునకు రెండు మూడు గంటల ప్రయాణము. మనము చూచిన ఫిరంగి నాలాకు పుట్టినిల్లగు చందన్‌వెల్లి చేవెళ్లకు చేరువలోనే కలదు. మూసీనది పుట్టిన అనంతగిరి కొండలును వికారాబాదు ప్రక్కనే. చెరువులోని నీటికి ఎదురుగా నడచుచు, నీరు వచ్చిన దిక్కునకే పోవుచున్నామన్నమాట. దారిలో ఈ సంగతి చెప్పినచో పిల్లలకు భూగోళపాఠము బండిలోనే అబ్బును.

కోట్‌పల్లిలో కొన్నియేండ్లుగా కయాకు పడవలు నడుపు వినోదము ప్రసిద్ధి కెక్కినది. వానలు, నీటిమట్టమునుబట్టి అనుమతులు మాఱవచ్చును గనుక ముందుగా విచారించుకొని పోవుడు. కయాకు ఒకరు గాని ఇద్దరు గాని కూర్చుండు సన్నని పడవ. రెండు చివరలను రెక్కలుగల తెడ్డుతో ఒకమాఱు కుడివైపు, ఒకమాఱు ఎడమవైపు నీటిని లాగుచు నడుపుదురు. దీని పుట్టుక ఉత్తరధ్రువప్రాంతపు ఇన్యూట్ జనులలో. కఱ్ఱలతో, ఎముకలతో చట్రముకట్టి, దానిపై సీలు తోలు కప్పి, వేటకై దీనిని వారు వాడిరి. ఆ తోళ్లను చుక్కనీరు లోనికి రాకుండ కుట్టినవారు స్త్రీలు. సముద్రముపై పోయిన పురుషుని ప్రాణము ఇంటనున్న స్త్రీ వేసిన కుట్టుపై ఆధారపడియుండెను. సంసారమును, సామానును చేరవేయు ఉమియాకు అను పెద్దపడవను తెడ్లువేసి నడిపినవారును తఱచుగా స్త్రీలే.

ఈ పడవయు యుద్ధమునకు పోయినది. 1942 డిసెంబరు 7 రాత్రి పదిమంది బ్రిటిషు నావికాసైనికులు, జర్మనుల చేతనున్న ఫ్రాన్సుదేశపు తీరమున, జలాంతర్గామినుండి ఐదు చిన్న పడవలలో దిగిరి. పగలు దాగుచు, రాత్రులు తెడ్లువేయుచు, జిరోండు నదీముఖమున ఎదురెక్కి, బోర్డో రేవులోని ఓడలకు మందుపాత్రలు తగిలింపవలెనని వారి యాజ్ఞ. రెండు పడవలు మాత్రమే రేవు చేరి ఓడలను దెబ్బతీసినవి. పదిమందిలో ప్రాణములతో ఇల్లు చేరినవారు ఇద్దరే. వారి సాహసమును మెచ్చుకొనవలసినదే. మెచ్చుకొనుచు, తక్కిన యెనిమిదిమందికై గుమ్మములకడ ఎదురుచూచిన తల్లులను, ఆలుబిడ్డలను గూడ తలచుకొనవలెను.

ఇక ఆచరణకు కొన్ని సూచనలు. సైకిలుపై కూర్చున్నప్పుడు క్రిందికి దిగిన తొక్కుడుబిళ్లపై కాలు దాదాపు చాచుకొనునట్లు ఆసనమెత్తు సరిచేసికొనుడు, మోకాళ్లు నొప్పిపుట్టవు. చీర కట్టువారు గోచి పోసికొనుటయో, సల్వారు కమీజు ధరించుటయో మంచిది. పైట, చున్నీ చక్రములో చిక్కకుండ ముడివేసికొనుడు. శిరస్త్రాణము మఱువవలదు. ఎండలో దాహము వేయకముందే కొంచెము కొంచెముగా నీరు త్రాగుచుండుడు. జొన్నరొట్టెలు, పులిహోర, మజ్జిగ ఈ ప్రయాణమునకు చక్కగా నుండును.

పడవయెక్కువారు లైఫ్ జాకెట్టు తొడిగి, పట్టీలన్నియు బిగించుకొననిదే నీటిలో కాలుపెట్టరాదు. ఈత వచ్చినవారికిని ఇదియే మాట. తెడ్డును చేతులతోమాత్రమే గాక నడుమును త్రిప్పుచు లాగినచో భుజములు నొవ్వవు. పడవ తలక్రిందులైనచో బెదరక, దానిని విడువక పట్టుకొని సాయమునకు పిలువవలెను. జాకెట్టు లేకుండ ఫొటోలకై లోతు తెలియని నీటిలో దిగుట ప్రాణాంతకము. చెరువులలో, జలాశయములలో ఇట్లు పోయిన పిల్లల వార్తలు ఏటేట చదువుచునే యున్నాము. గర్భిణులును, గుండెజబ్బు గలవారును వైద్యుని అడిగి గాని ఈ శ్రమకు పూనుకొనరాదు. ఆశ్వయుజము గడచినది మొదలు మాఘమువఱకు ఈ విహారమునకు అనువైన కాలము.

ఇంట అడ్డుచెప్పు పెద్దలుందురు. కోడలు సైకిలెక్కుటయా, పడవ నడుపుటయా యని అత్తగారు ముక్కున వ్రేలిడుకొనవచ్చును. వాదమునకు దిగుటకంటె ఆమెనుగూడ బండిలో కూర్చుండబెట్టుకొని పొండు. చెరువుకట్టపై కూర్చున్న పెద్దమ్మ నోట, తన చిన్ననాటి ఊరిచెరువు కథలు వెలువడక మానవు. తూము ఎత్తు నీరటిని గూర్చియు, కఱవుయేడు గూర్చియు ఆమె చెప్పునది ఏ పుస్తకమునను దొరకదు. మనుమరాండ్రు వినవలసినది అదియే.

కత్తులు పట్టిన రాజులు పోయిరి; తోపులు సంగ్రహాలయములను చేరినవి. చెరువును, చక్రమును, తెడ్డును మనచేతికి వచ్చినవి. వానిని ఏ పనికి వాడుదుమన్నది మన వంతు. తిరిగివచ్చిన పిమ్మట మీ యూరి చెరువును, దానికి నీరు తెచ్చు కాలువను ఒకసారి సైకిలుపై చుట్టి చూడుడు. అది ఎచ్చట పూడినదో, ఎచ్చట మూయబడినదో గుర్తించి, పదిమంది స్త్రీలు కలిసి పంచాయతీకి చెప్పినచో, మీ విహారము ఆ ఒక్కదినముతో ముగిసినది కానేరదు.