కారు కిందికి దిగితే సరా?

పురానాపూల్ నుంచి ఒక పెద్దాయన ఉత్తరం రాశారు. వాళ్లబ్బాయి సెకండ్‌హ్యాండ్‌లో జర్మన్ కారు కొన్నాడు. దానికి అడాప్టివ్ సస్పెన్షన్ ఉంది. నెల తిరక్కుండానే స్ప్రింగులు మార్పించి, కారును అంగుళంన్నర కిందికి దించుతానంటున్నాడట. ‘ఉన్నవి బాగానే ఉన్నాయి కదరా అంటే, మీకు తెలీదు నాన్నా అంటాడు. ఆ కార్లో రేపు మా అమ్మ కూర్చోవాలి. మీరైనా చెప్పండి’ అని అడిగారు.

అబ్బాయి ముచ్చటను తప్పుపట్టలేం. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య సందు తగ్గితే కారు చూడ్డానికి బాగుంటుంది. బరువు నేలకు దగ్గరైతే మలుపుల్లో ఒరగడమూ కొంత తగ్గుతుంది. కాకపోతే అడాప్టివ్ సస్పెన్షన్ ఉన్న కారులో స్ప్రింగు ఒంటరిది కాదు. దాన్ని కదిలిస్తే తీగ లాగినట్టే.

మామూలు షాక్ అబ్జార్బర్‌లో నూనె వెళ్లే రంధ్రాలు ఎంత పెడితే అంతే. అడాప్టివ్‌లో ఆ దారిని కరెంటుతో పనిచేసే వాల్వు తెరుస్తూ మూస్తూ ఉంటుంది. ఇంకో రకంలో నూనెలోనే సన్నటి ఇనుప రజను కలుపుతారు. అయస్కాంత శక్తి తగలగానే ఆ నూనె చిక్కబడుతుంది. 2002లో అమెరికాలో కాడిలాక్ సెవిల్ కారుతో వచ్చింది ఈ పద్ధతి. ఎప్పుడు ఎంత బిగించాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. చాలా కార్లలో దానికి కబురు అందించేవి చక్రాల దగ్గరుండే ఎత్తు సెన్సర్లు. ఇదంతా విదేశీ కార్ల గొడవేగా అనుకోకండి. 2024 నవంబరులో వచ్చిన మహీంద్రా బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈల పైరకాల్లోనూ ఇలాంటి ఏర్పాటుంది.

ఇప్పుడు పొట్టి స్ప్రింగు వేశారనుకోండి. కారు ఖాళీగా నిలబడి ఉన్నా సెన్సర్‌కు మాత్రం నిండా మనుషులెక్కినట్టు కనిపిస్తుంది. కొన్ని కార్లు వెంటనే డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలిగిస్తాయి. కొన్ని ఏమీ చెప్పకుండా తప్పు లెక్కతోనే నడిచేస్తాయి. వెనక ఒక్క సెన్సరుతోనే హెడ్‌లైట్లు సర్దుకునే కారైతే, డిక్కీలో బరువుందనుకుని కాంతిని కిందికి దించేస్తుంది. రాత్రిపూట దూరం కనిపించదు. స్ప్రింగులు మార్చాక స్కానర్ పెట్టి, ‘ఇదే నీ కొత్త ఎత్తు’ అని కంప్యూటర్‌కు నేర్పించాలి. ఆ స్కానర్ లేని షెడ్డులో ఈ పని ముట్టుకోనివ్వకండి.

కంప్యూటర్‌కు నేర్పినా తీరని చిక్కు ఇంకోటుంది. షాక్ అబ్జార్బర్ లోపలికి నొక్కుకోవడానికి ఎనిమిది సెంటీమీటర్ల జాగా ఉందనుకుందాం. కారును నాలుగు సెంటీమీటర్లు దించితే, సగం జాగా గుంత రాకముందే ఖర్చయిపోయినట్టు. వెనక సీట్లో ముగ్గురు కూర్చుంటే మిగిలింది మరీ తక్కువ. ఆ పైన ప్రతి గుంతకూ లోపలున్న రబ్బరు దిమ్మకు దభీమని తగలడమే. ఆ దెబ్బ ముందు నానమ్మ నడుముకు తెలుస్తుంది, తర్వాత షాక్ అబ్జార్బర్‌కు. అది కారిపోతే, మామూలు దాని ధరకు ఇది దొరకదు.

ఇక మన రోడ్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున పరుచుకుని, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తుండాలి. అలాంటి దాన్ని దించిన కారైనా మెల్లగా దాటేస్తుంది. గల్లీల్లో ఎవరి గుమ్మం ముందు వాళ్లు పోసుకున్న సిమెంటు గట్లకు ఈ కొలతలెక్కడివి? పైగా వానాకాలం. 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కట్టించిన వంతెన పక్కన కాపురం ఉంటూ, 1908 మూసీ వరద కథలు విని, 2020 అక్టోబరు వానలు కళ్లారా చూసినవాళ్లకు ఎత్తు విలువ నేను చెప్పాలా? ఇంజిన్ గాలి పీల్చే గొట్టం నీటికి దగ్గరయ్యే కొద్దీ ప్రమాదమే.

చవగ్గా పని కానిద్దామని ఉన్న స్ప్రింగునే కోయించేవాళ్లూ ఉన్నారు. ఇది మాత్రం వద్దే వద్దు. ఆరు చుట్ల స్ప్రింగులో ఒకటి తీసేస్తే బిగువు ఇరవై శాతం పెరుగుతుంది. గ్యాస్ కట్టర్ వేడికి ఉక్కు పదును పోతుంది. చక్రం గుంతలోకి వేలాడినప్పుడు పొట్టి స్ప్రింగు చోటు తప్పి పక్కకు జరగొచ్చు కూడా.

చట్టం సంగతి కూడా చూడండి. కంపెనీ నమోదు చేయించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం 182ఎ సెక్షన్‌లో, అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని ఉంది. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు క్లెయిము రోజున అడ్డం తిరగొచ్చు.

నన్నడిగితే ముందు కారులో ఉన్న స్పోర్ట్ మీట నొక్కి నెల రోజులు నడపమనండి. మంచి టైర్లు, సరైన వీల్ అలైన్‌మెంట్ ఉంటే ఆ కుర్రాడికి కావలసిన బిగువు సగం అక్కడే దొరుకుతుంది. అప్పటికీ మనసు మారకపోతే, ముందు అనుమతి, బీమా సంగతి తేల్చుకోవాలి. ఆ తర్వాత ఐబాక్, హెచ్ అండ్ ఆర్ లాంటి జర్మన్ కంపెనీల స్ప్రింగుల్లో, అదే మోడల్‌కు, అడాప్టివ్ సస్పెన్షన్‌కు పనికొస్తుందని రాసి ఉన్నదే తీసుకోవాలి. దించేది రెండు సెంటీమీటర్లు దాటొద్దు. అంతకుముందు ఇంటిల్లిపాదినీ కారులో కూర్చోబెట్టి, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా నాలుగు వైపులా టేపుతో కొలిచి రాసుకోండి. పని అయ్యాక అదే మనుషులతో మళ్లీ కొలవండి. తీసిన స్ప్రింగులను పాత ఇనుముకు వేయకండి. మూడు నెలల తర్వాత తిరిగి బిగించాల్సి వస్తే అవే కావాలి.