వేటకు వెళ్లినవాళ్లు వచ్చాక అడగండి

రణస్థలం తీరంలో పాతికేళ్లు తెలుగు పాఠాలు చెప్పాను. మత్స్యకారుల ఇళ్లకు వచ్చే కాగితాలు చదివి చెప్పడం కూడా నా పనే. ఒకసారి ఏదో పరిశ్రమ తాలూకు ప్రజాభిప్రాయ సేకరణ నోటీసు చదివి వినిపించాను. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన తలెత్తి, ‘‘మేస్టారూ, ఇది మనల్ని అడగడమా, మనకి సెప్పడమా?’’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇదే తీరంలోని కొవ్వాడలో తలపెట్టిన అణు విద్యుత్ కేంద్రం మాట వచ్చినప్పుడల్లా ఆ ప్రశ్నే గుర్తొస్తుంది. 2009లోనే కేంద్ర ప్రభుత్వం ఈ చోటుకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఇప్పుడు అనుకుంటున్నవి 1208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లు. ఇవి మొదట గుజరాత్‌లోని మీఠీ విర్దికి తలపెట్టినవి. అక్కడి జనం 2013లో బహిరంగ విచారణ నుంచి లేచి వెళ్లిపోయారు. ఆ తర్వాత అవి మన తీరానికి మళ్లాయి. మనవాళ్లతో భూమి గురించి, పునరావాసం గురించి మాట్లాడింది చోటు ఖాయమయ్యాకే.

కరెంటు వద్దని నేననను. ముందు అడగమంటున్నాను, అర్థమయ్యేలా అడగమంటున్నాను. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం విచారణకు కనీసం 30 రోజుల ముందు నోటీసివ్వాలి. స్థానిక భాషలో ఇవ్వాల్సింది పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం మాత్రమే. కేంద్రంలోని ఆవిరిని చల్లబరిచి వేడెక్కిన నీరు తిరిగి కడలిలో కలిస్తే చేపలు ఒడ్డుకు దగ్గరగా ఉంటాయా, దూరం పోతాయా? గంగమ్మనే నమ్ముకున్నవాడికి కావలసిన ఈ జవాబు నాలుగు పేజీల సారాంశంలో ఇమడదు. నివేదిక మొత్తం తెలుగులో కావాలి.

ఆ 30 రోజులూ ఏ నెలలో వస్తాయన్నది ఇంకా ముఖ్యం. మన జిల్లా మగవాళ్లు ఎందరో నెలల తరబడి గుజరాత్‌లోని వేరావల్‌లో వేటాడతారు. అలా వెళ్లి 2018లో పాకిస్థాన్‌కు చిక్కినవాళ్లు 2020 జనవరిలో గానీ బయటపడలేదు. వాళ్లు ఊళ్లో లేనప్పుడు పెట్టే సభ ఎవరి అభిప్రాయం సేకరిస్తుంది? ఇక్కడ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మోటారు పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. వేరావల్ వెళ్లినవాళ్లు కూడా తిరిగొచ్చాక, ఆ రోజుల్లోనే సభ పెట్టాలి.

2025 సెప్టెంబరులో అణు ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని కేంద్ర పర్యావరణ శాఖ మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు రియాక్టర్ల దాకా రాకూడదు.

అధికారులకు నా విన్నపం ఒకటే. విచారణ తేదీ వేసే ముందు ఊళ్లోకి రండి. వేరావల్ వెళ్లినవాళ్లు ఎప్పుడొస్తారో వాళ్ల ఇంటి ఆడవాళ్లను అడగండి.